గిటారుకు చుట్టిన శాలువా

మొన్న శనివారం మా మనవరాలు నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ కార్లో రేడియో పెట్టింది. షామ్‌బర్గ్ ఊరు దాటుతుండగా, రెండు గిటార్లు ఒకే వరసను ఒకటి కింద, ఒకటి కాస్త పైన పట్టుకుని జంటగా సాగే పాట ఒకటి వచ్చింది. నాకు తెలియకుండానే వెన్ను నిలబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానట. "ఏంటి తాతగారూ, టెంపుల్‌లో కూర్చున్నట్టు కూర్చున్నారు?" అని నవ్వింది. నా ఈడువాళ్లకైతే చెప్పుకోగలను కాని, దానికేమని చెప్పను?

డెబ్భైల చివర నేనీ దేశం వచ్చేనాటికి మా దివాణంలో చెప్పుకోదగ్గవి ఇంటిపేరు, ఒక జరీ అంచు శాలువా మాత్రమే మిగిలాయి. మా తాతగారి ముందు వాయించిన విద్వాంసుడెవరూ శాలువా అందుకోకుండా గుమ్మం దాటలేదని ప్రతీతి. ఆ శాలువాల్లో చివరిదాన్ని నాయనమ్మ నా పెట్టెలో పెడుతూ, ఇది చలికి కప్పుకోవడానికి కాదు, ఇవ్వదగ్గ చోట ఇవ్వడానికి అని మరీ చెప్పింది.

ఎనభైల మొదట్లో ఒక చలికాలపు సాయంత్రం మా అక్కగారి భర్త, అంటే మా బావ, ఇంగ్లండు నుంచి ఎవరో వచ్చారు, కచేరీకి పోదాం పదమన్నాడు. కచేరీ అన్నాడు కదా అని నేను శాలువా మడిచి కోటు లోపల పెట్టుకున్నాను. తీరా చూస్తే అది హెవీ మెటల్ రాక్ సంగీతం. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ ఐదుగురూ అసలు కచేరీకి ముందు కాసేపు వాయించడానికి వచ్చినవాళ్లు. జనమంతా తర్వాత రాబోయే పేరున్న బృందం కోసం అరుస్తున్నారు. అందరూ నిలబడి ఊగుతుంటే నేనొక్కణ్ణే కూర్చున్నాను. మా ఇంట వాయించేవాడి ముందు వినేవాడు లేచి నిలబడడు. చెవులు అదిరిపోయే ఆ హోరులోనే హఠాత్తుగా రెండు గిటార్లు జంటగా గొంతు కలిపాయి, చిన్నప్పుడు మా సింహద్వారం దగ్గర జంట నాదస్వరాలు కలిసినట్టే. నాకు కళ్లు చెమర్చాయి. ఇంత బాగా వాయించినవాణ్ణి ఈ జనం వట్టి చేతులతో పంపేస్తారేమోనన్న బాధ నాది.

హాలు వెనక మంచు పడుతుంటే వాళ్లు తమ పెట్టెలు తామే వ్యానులోకి ఎక్కించుకుంటున్నారు. బావ చెయ్యి పట్టుకు లాగుతున్నా ఆగక వెళ్లి, ఇద్దరు గిటారు వాద్యకారుల్లో పొడుగాటాయన భుజాల మీద శాలువా కప్పాను. ఆయన విస్తుపోయి, థాంక్స్ చెప్పి, మరుక్షణమే దాన్ని తీసి గిటారుకు చుట్టబెట్టి పెట్టెలో పెట్టి మూసేశాడు. మా వంశపు చివరి సత్కారం మంచులో తడవకుండా కట్టే గుడ్డ అయిపోయింది! దారి పొడుగునా బావ, "ఏం జమీందారూ, రాజ్యం పోయినా దర్బారు పోలేదే!" అంటూనే ఉన్నాడు. 

ఆ తర్వాత వాళ్ల దశ తిరిగింది. రెండేళ్లలో అదే హాల్లో వాళ్ల పేరు మీదే టికెట్లు అయిపోయాయి. ఆ పైన పెద్ద స్టేడియాలు, పొగలు, దీపాలు. వచ్చిన ప్రతి రికార్డూ కొన్నాను కాని, చూడడానికి మాత్రం వెళ్లలేదు. నేనిచ్చినది సత్కారంగా అందిందో లేదో తెలియనివాణ్ణి, ఏ ముఖంతో ఎదురుగా కూర్చోను? తర్వాత పాటల్లోకి కీబోర్డులు వచ్చాయి, మొదటి గాయకుడు వెళ్లిపోయాడు, రేడియో వాళ్లను మరిచిపోయింది. ఆ దశాబ్దం ముగిసేలోగానే మా కౌంటీ సంతలో, పందుల ప్రదర్శన పక్కన, మధ్యాహ్నం పూట వాయిస్తారని కాగితం అంటించారు.

బతికి చెడ్డ ఇంటివాణ్ణి కనుక ఆ కాగితం నాకు వేరేగా కనిపించింది. మా ఆవిడను తీసుకుని వెళ్లాను. పొడుగాటాయన జుట్టు పలచబడింది. వేదిక పక్కన ఆయనే వంగి పెట్టె తెరిచాడు. లోపల జరీ నల్లబడ్డ నా శాలువా! రెండు మడతలు నెమ్మదిగా విప్పి గిటారు పైకి తీసి, శాలువాను మళ్లీ నాలుగు మడతలు పెట్టి పెట్టెలో ఉంచాడు. ఆ చేతులు చూడగానే మా నాదస్వర విద్వాంసుడు గుర్తొచ్చాడు. తాతగారు కప్పిన శాలువాను ఆయన ఒక్కనాడూ ఒంటిమీద ఉంచుకోలేదు. అక్కడికక్కడే వాద్యానికి చుట్టేవాడు. సత్కారం చేరవలసినచోట చేరిందని తాతగారు మురిసిపోయేవారు. ఇన్నేళ్లూ అది నేనెలా మరిచానో!

గిటార్లు జంటగా కలిసేసరికి నేను లేచి నిలబడ్డాను. "కూర్చోండి, వెనకవాళ్లకి కనపడదు," అంది మా ఆవిడ నా కోటు లాగుతూ.

"వెనక ఎవరున్నారే?" అన్నాను. ఖాళీ బెంచీలు చూసి తను కూడా లేచింది.

వాద్యకారుడి ముందు నిలబడ్డవాడు మా వంశంలో నేనే మొదటివాణ్ణి. ఇప్పుడు మా బావ లేడు, ఆ హాలూ లేదు. పాటలకు కొరత లేదు. ఫోను మీద వేలితో తాకితే చాలు, ఎక్కడినుంచో వచ్చి చెవిలో పడతాయి. కాని లేచి నిలబడదామంటే, ఎదురుగా మనిషే ఉండడు.