రెండు వేళ్ల సందు

అమలాపురంలో మా అమ్మాయి వాళ్లింటి ముందు ఈ మధ్య రోడ్డుకు అడ్డంగా కొత్త స్పీడు బ్రేకరు వేశారు. పొద్దున్నే వరండాలో కూర్చుని పేపరు చదవడం నాకు అలవాటు కనుక ఏ బండి దాన్ని ఎలా దాటుతోందో చూడకపోయినా వినబడుతూనే ఉంటుంది. ఆటో ఒకలా మూలుగుతుంది, కొబ్బరికాయల లోడుతో పోయే వ్యాను ఇంకోలా కిర్రుమంటుంది. మొన్న ఎదురింట్లో అద్దెకుంటున్న బ్యాంకు ఉద్యోగి కారు దాటింది. అతను సరదాపడి దాన్ని బాగా కిందికి దించి పెట్టించుకున్నాడు, చక్రాలు సగం దాకా లోపలికి దూరిపోయినట్టుంటాయి. ముందు చక్రాలు మెల్లిగానే ఎక్కి దిగాయి గానీ వెనక చక్రాలు దిగినప్పుడు ‘దబ్’మని ఒక మొండి చప్పుడు వచ్చింది. కారు అడుగు రోడ్డుకు తగిలిన చప్పుడు కాదది. స్ప్రింగు కుంగడానికి ఇంక చోటు లేక, బరువంతా లోపలి రబ్బరు దిమ్మ మీద పడినప్పుడు వచ్చే చప్పుడు. అతను దిగి, వంగి చూసి, ఏమీ కనబడక వెళ్లిపోయాడు. పిలిచి చెబుదామని లేవబోయి, ఎందుకో మళ్లీ కూర్చుండిపోయాను. అలాంటి చప్పుడు విని ముప్పై ఏళ్లు దాటింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన కోనసీమలో కారంటే డాక్టరు గారింట్లో ఒకటి, రైసు మిల్లు వారింట్లో ఒకటి, అద్దెకు తిరిగేవి రెండో మూడో. బస్సులూ లారీలూ ట్రాక్టర్లూ మాత్రం గతుకుల్లో పడి తిరుగుతూ ఉండేవి, చక్రాల మీద బరువు మోసే వాటి కమాను కట్టలు విరుగుతూ ఉండేవి, ఆ విరిగిన కట్టలే మాకు అన్నం పెట్టేవి. కొత్తపేట ఊరి చివర కాలవ గట్టు రోడ్డు మీద మా మేనమామ గారి షెడ్డు. దాని వెనకే ఇల్లు. మా నాన్న పోయాక అమ్మ నన్ను పదో తరగతితో చదువు మాన్పించి ఆయన దగ్గర వదిలిపెట్టింది. అత్తయ్య చేతి అన్నం తిని, మావయ్య చేతికింద పని నేర్చుకుని, ఆ ఇంట్లోనే పెద్దవాణ్ణయ్యాను. వాళ్లకు పిల్లలు లేరు.

మావయ్య కోప్పడగా నేను చూడలేదు. పని తప్పుగా చేస్తే ఆ చేసిన దాన్ని మాట్లాడకుండా విప్పి, మళ్లీ నా ముందు పెట్టేవాడు, అంతే. ఇనుమును ఆయన కంటితో కన్నా వేలితో ఎక్కువ చూసేవాడు. ఏ ముక్క కోసినా దాని చివర ఆకురాయితో నున్నగా రాస్తే గానీ పని అయినట్టు కాదు ఆయనకు. అది ఎవరికీ కనబడని చోట బిగించేదే అయినా సరే, రేపు ఇంకెవడో విప్పుతాడు, వాడి చెయ్యి కోసుకుంటుంది అనేవాడు. ఇరవై ఏళ్లు బస్సుల కింద వంగి పని చెయ్యడం వల్ల నడుము అరిగిపోయి, నడుముకు వెడల్పాటి పట్టీ కట్టుకుని తిరిగేవాడు. బరువులెత్తవద్దని డాక్టరు చెప్పిన మాట అత్తయ్య రోజుకొకసారి గుర్తు చేసేది, ఆయన రోజుకొకసారి ఆయ్ అని తల ఊపేవాడు.

రాజోలులో ఉండే మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడి వరస, ఒక పాత కారు కొని పెళ్లిళ్లకు తిప్పుతుండేవాడు. పూలు కట్టి, అద్దానికి వధూవరుల పేర్లు అంటించి, పెళ్లికొడుకు పక్కన తనే పెళ్లికొడుకన్నంత దర్జాగా నడిపేవాడు. వాడు హైదరాబాదు వెళ్లినప్పుడు నేలకు ఆనుకున్నట్టు ఉండే కారు ఒకటి చూసి వచ్చాడు. అప్పటినుంచీ తన కారూ అలాగే ఉండాలని వాడికి పట్టుకుంది. మావయ్యను అడిగితే, "మన రోడ్లకి అది పనికిరాదురా అబ్బాయ్. పెళ్లికారన్నాక ఏడుగురు ఎక్కుతారు. పొట్టి స్ప్రింగులు వాళ్లందర్నీ ఎక్కడ మోస్తాయి?" అని నెమ్మదిగా చెప్పి పంపేశాడు.

నాకప్పుడు ఇరవై అయిదేళ్లు. పదేళ్లు పని చేసినా ఊళ్లో నన్నెవరూ పేరుతో పిలిచేవారు కాదు, ఫలానా ఆయన మేనల్లుడు అనేవారు. అది తప్పని కాదు, ప్రేమగానే అనేవారు, కానీ ఆ వయసులో అదొక ముల్లులా గుచ్చుకునేది. మావయ్య ఎవరివో లారీలు చూడడానికి మూడు రోజులు రామచంద్రపురం వెళ్లినప్పుడు నేనే తమ్ముడికి కబురు పెట్టాను. వాడు రెక్కలు కట్టుకుని వచ్చి వాలాడు. స్ప్రింగు కొయ్యాలంటే చల్లగా ఉండగా రంపంతోనే కొయ్యాలి, వేడి తగిలితే ఇనుములోని బిగువు పోతుందని మావయ్య వందసార్లు చెప్పాడు. కానీ రంపంతో కోస్తే ఒక్కోదానికి ఒక పూటంతా పడుతుంది. నేను గ్యాసు మంటతో నాలుగూ మధ్యాహ్నానికల్లా కోసేశాను. చివర్లు మాత్రం ఆకురాయితో శుభ్రంగా రాశాను, అది చేతికి పట్టిన అలవాటు. బిగించి దించేసరికి కారు పొంచి కూర్చున్న పిల్లిలా ఉంది. ఇద్దరం దాని చుట్టూ తిరిగి తిరిగి మురిసిపోయాం. మావయ్య అడిగితే రాజమండ్రిలో చేయించానని చెప్పమని తమ్ముడితో అన్నాను.

పదిహేను రోజులైనా గడవలేదు, గ్యాసు వేడికి నీరసించిన స్ప్రింగులు ఇంకా కుంగిపోయాయి. జనం ఎక్కితే చాలు, ప్రతి కల్వర్టు దగ్గరా దబ్, దబ్. చప్పుడు తగ్గుతుందని నేను దొంగతనంగా మందమైన రబ్బరు దిమ్మలు వేశాను. దాంతో ఉన్న కాస్త సందూ తగ్గిపోయి, గతుకు తగలకముందే దిమ్మ తగలడం మొదలైంది. ఆఖరికి సఖినేటిపల్లి దగ్గర ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తల పైకప్పుకు కొట్టుకుని బాసికం ఊడి ఒళ్లో పడింది, వాళ్ల నాయనమ్మ నాలుక కరుచుకుంది. ఆ ముసలావిడ అపశకునమని ఏడిస్తే పెళ్లివారు అందరూ దిగి, వేరే కారు చూసుకున్నారు. తమ్ముడు మొహం వేలాడేసుకుని మావయ్య దగ్గరికే వచ్చాడు.

రాజమండ్రిలో చేయించానని వాడు చెబుతుంటే నేను పాన పట్టుకుని పక్కకు తిరిగి నుంచున్నాను. మావయ్య కారు వెనక చక్రం దగ్గరికి వెళ్లాడు. మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి, రబ్బరు దిమ్మకూ ఇరుసుకూ మధ్య వేళ్లు దూర్చి చూశాడు.

"రెండు వేళ్లే పడుతున్నాయిరా. నాలుగైనా పట్టాలి," అన్నాడు.

కాలవ గట్టు మీది బంకమట్టి తెప్పించి దిమ్మ మీద ముద్దలా అతికించాడు, ఎంత గట్టిగా తగులుతోందో ఆ మట్టి చెబుతుందని. పక్క టీ బడ్డీ దగ్గరున్న నలుగుర్ని పిలిచి ఎక్కమన్నాడు. తరవాత తనూ వెనక సీట్లో, సరిగ్గా ఎడమ చక్రం మీదికి వచ్చే చోట కూర్చున్నాడు.

"మీరెందుకండీ మావయ్య గారూ, అన్నయ్య కూర్చుంటాడు కదాండీ," అన్నాడు తమ్ముడు.

"వాడు చెబితే నాకెలా తెలుస్తుందిరా? చప్పుడెక్కడ పుడుతోందో కూర్చుంటేనే గానీ తెలీదు. పోనీ."

ఆ క్షణంలో నేను ఒక్క అడుగు ముందుకు వేసి, మావయ్యా మీరు దిగండి, ఇది నేను చేసిన పని, జబ్బెక్కడుందో నాకు తెలుసు అనవలసింది. అనలేదు. షెడ్డు ముందున్న కల్వర్టు పక్కన నుంచుని చూశాను. మొదటిసారి మెల్లిగా వెళ్లింది. రెండోసారి కొంచెం జోరుగా. కిటికీలోంచి ఆయన చెయ్యి బయటపెట్టి ఇంకాస్త జోరుగా పోనిమ్మని సైగ చెయ్యడం చూశాను. మూడోసారి ఆ చప్పుడు నా పాదాల దాకా వచ్చింది.

కారు ఆగింది. నలుగురూ దిగారు. ఆయన దిగలేదు. ఏదో ఆలోచిస్తున్నాడేమో అనుకుని నేను నడుచుకుంటూ వెళ్లాను. తలుపు తీస్తే మొహం బూడిద రంగులో ఉంది, చెమట కారుతోంది. "ఏం లేదు. కాసేపుండనీ," అన్నాడు, నా భుజం పట్టుకుని. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందో నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. అతికించిన మట్టి ముద్ద అప్పడంలా అయిపోయింది.

అమలాపురం ఆసుపత్రిలో ఫొటో తీసి, వెన్నులో ఒక ఎముక నలిగిందన్నారు. ముందే అరిగిపోయి ఉందట, ఎప్పటికైనా ఇది తప్పేది కాదన్నారు. ఆ మాట పట్టుకుని నేను చాలా ఏళ్లు బతికాను. మూడు నెలలు చెక్క మంచం, ఆ తరవాత కూడా వంగరాదు, బరువు ముట్టుకోరాదు. వచ్చినవాళ్లందరికీ ఆయనే, వయసండీ, ఏం చేస్తాం, అని చెప్పేవాడు.

కారు బాగు చెయ్యక తప్పదు కదా. షెడ్డుకేసి ఉన్న గదిలో మంచం వేయించుకుని, పడుకునే చెప్పాడు, నేను చేశాను. ముందు విప్పిన స్ప్రింగు ఒకటి తెమ్మన్నాడు. గుండె మీద పెట్టుకుని, కోసిన చివర మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసుకున్నాడు. చాలాసేపు రాసుకున్నాడు.

"రాజమండ్రీ వాడెవడో గానీ, కోసిన చోట ఆకురాయి పట్టేడు. ఎవరో బాగానే నేర్పేరు వాడికి," అన్నాడు. కొంచెం ఆగి, "గ్యాసు మాత్రం పెట్టకుండా ఉండాల్సింది," అన్నాడు.

నేను ఆయ్ అన్నాను. ఆయన స్ప్రింగు నా చేతికిచ్చి కళ్లు మూసుకున్నాడు.

ఒక వ్యాను తాలూకు లావు కమ్మి స్ప్రింగులు తెచ్చి, రంపంతో, రెండు రోజులు కూర్చుని కోశాను. పొట్టిదైనా గట్టిగా ఉంటే కారు కిందే ఉంటుంది, కుంగడం తగ్గుతుంది. పొడుగు షాకబ్జర్లు తీసేసి ఆ ఎత్తుకు సరిపడే పొట్టివి వేశాను. రబ్బరు దిమ్మలు తీసెయ్యకుండా సగానికి కోశాను, ఎప్పుడైనా తగిలినా ఇనుమూ ఇనుమూ తగలకూడదని. కారును ఒక అంగుళం పైకి లేపుతుంటే తమ్ముడు నోరెత్తలేదు. వేళ్లు పెట్టి చూస్తే నాలుగూ పట్టాయి. మళ్లీ నలుగుర్ని ఎక్కించి, గది కిటికీ తీసి ఉంచి, ఆయన వింటుండగా కల్వర్టు మీద నాలుగైదుసార్లు తిప్పాం. నేను వెళ్లి మంచం పక్కన నుంచున్నాను.

"తగల్లేదు. బావుంది," అన్నాడు, గోడకేసి చూస్తూ. ఆ సాయంత్రమే షెడ్డు తాళం నా చేతిలో పెట్టాడు.

అప్పటినుంచీ ఊళ్లో నన్ను పేరుతో పిలవడం మొదలుపెట్టారు. కోరుకున్నది అలా దొరికింది. ఆయన మరో ఆరేళ్లు బతికాడు, కర్ర పట్టుకుని షెడ్డు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా చూసి వెళ్లేవాడు. రోజూ సాయంత్రం పని కట్టేసి వెళ్లి మంచం పక్కన కూర్చునేవాణ్ణి. వానల గురించీ, ఎవరెవరి బండ్ల గురించీ మాట్లాడుకునేవాళ్లం. ఆ కారు మాట నేనెత్తలేదు, ఆయనా ఎప్పుడూ ఎత్తలేదు. నేను చెబుతానని ఎదురు చూశాడో, చెబితే నేను నొచ్చుకుంటాననే మాటలు వేరే దారిలోకి మళ్లించేవాడో నాకు తెలియదు. ఆ రోజుల్లో పెద్దవాళ్ల మనసులో ఏముందో అడిగి తెలుసుకునే అలవాటు మనకు లేదు.

ఆయన పోయిన కొన్నాళ్లకు అత్తయ్య ఒకరోజు నాకు అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఆ వేళ ఆ కారు ఎందుకెక్కేరురా ఆయన, నడుం సంగతి తెలిసీ? నేనెన్నిసార్లడిగినా ఊరికే ఎక్కేనన్నారు."

"చప్పుడు వినడానికెక్కేరత్తయ్యా," అన్నాను.

"అంతేలే. పనంటే ఆయనకంత పిచ్చి," అని ఆవిడ మళ్లీ చారు పోసింది. నేను తల వంచుకుని తిన్నాను. ఆవిడా ఆ నమ్మకంతోనే పోయింది. తమ్ముడు కారు అమ్మేసి తాడేపల్లిగూడెం వైపు స్థిరపడి, రెండేళ్ల కిందట పోయాడు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే.

కాలవ గట్టు రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ కల్వర్టు తీసేసి నున్నగా తారు వేశారు, షెడ్డు స్థలంలో సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. వాటి గురించి నాకు పెద్ద దిగులు లేదు. మారినవాటిలో నాకు ఆశ్చర్యంగా ఉండేది వేరొకటి. కిందటి వారం మా మనవరాలు చూసుకోకుండా నా కళ్లజోడు తొక్కింది. నేను ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను, అదే వచ్చి, "తాతయ్యా, నేనే తొక్కేను, సారీ," అని ముక్కలు నా చేతిలో పెట్టి ఆడుకోవడానికి వెళ్లిపోయింది. వాళ్లమ్మ ఆ నిర్లక్ష్యానికి కోప్పడింది గానీ నేను ఆ పిల్ల వెళ్లినవైపే చూస్తూ ఉండిపోయాను. మన తరం వాళ్లం తప్పు చేస్తే రెట్టింపు చాకిరీ చేశాం, జబ్బు పడితే కాళ్లు పట్టాం, పోతే భుజం ఇచ్చాం, అవన్నీ కలిపితే ‘నేనే’ అనే ఆ ఒక్క మాటకు సమానమనుకున్నాం. నేను ఆరేళ్లు ఆయన మంచం పక్కన కూర్చున్నాను. అందులో ఒక్క సాయంత్రం చాలేది.