రూవిలో పూలజడ

నిన్న మస్కట్ శివారు అల్ ఖౌద్‌లో నడకకు వెళ్తే ఇసుకలో అర్ఫజ్ పొదలు పూసి ఉన్నాయి. చిట్టి చామంతుల్లాంటి ఆ పసుపుపచ్చ పూల ఘాటు ముక్కుకు తగలగానే నా చెయ్యి జుట్టు ముడి మీదికి పోయింది.

నా చిన్నప్పటి పూలజడ గుర్తొచ్చింది. అది మార్చి నెల, శుక్రవారం. ఆ నెలా, వారమూ నేను మరచిపోను. నాకు ఎనిమిదేళ్లు. మేము మస్కట్ వచ్చి ఏడాదైనా కాలేదు. కడపలో అమ్మమ్మ నా పూలజడ ఫొటో కోసం ఎదురుచూస్తోంది. మస్కట్‌లో మేముండే రూవిలో మల్లెలు ఎక్కడివి? నాన్న తను పనిచేసే బిల్డింగ్ సైట్ దగ్గర నుంచి సంచెడు అర్ఫజ్ పూలు తెచ్చారు. అమ్మ పొద్దున్నంతా కూర్చుని వాటిని నా జడకు కుట్టింది.

"కదిలితే రాలిపోతాయి. తల తిప్పినావంటే చూడు!" అని నన్ను ఫొటో స్టూడియో గుమ్మం బయట నిలబెట్టి, నాన్నతో లోపలికి వెళ్లింది.

కాసేపటికి ఎవరో జడను లాగారు. అమ్మ వచ్చి పూలు సర్దుతోందనుకున్నాను. "మెల్లగామ్మా" అన్నాను. వీపుకు వెచ్చని ఊపిరి తగిలినా తల తిప్పలేదు.

తర్వాత లోపలికి పిలిచి, ముఖమూ జడా రెండూ ఫొటోలో పడేలా నన్ను అద్దానికి వీపు పెట్టి నిలబెట్టారు. అద్దంలో అమ్మకు ఉత్త దారాలు వేలాడుతూ కనిపించాయి.

"పూలేవే?" అంది అమ్మ.

"నువ్వే కదమ్మా సర్దింది!"

గుమ్మంలో ఒక మేక తీరిగ్గా నములుతోంది. దాని మూతి నిండా పసుపు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ తల గోక్కున్నాడు. "అబ్ క్యా కర్నా, అమ్మా? ఇప్పుడేం చేద్దాం?"

"దాన్నీ పక్కన నిలబెట్టన్నా. పూలు దాని కడుపులోనే ఉండాయి కదా!" అని అమ్మ పగలబడి నవ్వింది.

మస్కట్ వచ్చాక అమ్మ అలా నవ్వడం అదే మొదటిసారి. అప్పుడు నేనది గమనించనే లేదు. పూల కోసం ఏడుస్తున్నాను.