పది లక్షల తొమ్మిది ఆకులు

కారేపల్లి అవతలి తండాలో హాతీరాంను ఇప్పటికీ కల్లేదారు అనే పిలుస్తారు. బీడీలు చుట్టే తునికాకు కల్లం మూతపడి ఏళ్లయింది, పిలుపు మిగిలింది. అడవిలో ఏరినవాళ్లు యాభై ఆకుల కట్టలు తెస్తే, ఎండకు వరుసలుగా పరిపించి లెక్క తేల్చడం అతని పని. వరుసకు రెండు వందల కట్టలు దాటనిచ్చేవాడు కాదు. దాటితే కన్ను చెదురుతుంది.

ఒక ఏడు ఇరవై సంచులు, అంటే సరిగ్గా పది లక్షల ఆకులు, లారీకెక్కాక ఊడ్చిన నేల మీద తొమ్మిది విడి ఆకులు మిగిలాయి. తోటి కల్లేదారు వీరన్న వాటిని ఏరి, "వీటిని గూడ కలిపి, ఒక్కటి మిగలకుండ సమంగ వరుసలు పరుస్తవా తమ్మీ?" అన్నాడు.

హాతీరాం బొగ్గు ముక్క అందుకున్నాడు. వరుసకు మూడైతే ఒకటి మిగిలింది. ఏడైతే మూడు. పదకొండైతే పది. సంఖ్యల్లోనూ మనుషుల తీరే. పన్నెండు లాంటిది పెళ్లివారిల్లు, రెండు మూడు నాలుగు ఆరు ఎవరొచ్చినా పంక్తిలో చోటుంటుంది. కొన్ని ఎవరి పక్కనా సమంగా కూర్చోవు. రెండు వందల దాకా చూసి అతను తీర్పు చెప్పేశాడు.

"ఇది ఎట్ల జేసినా విడిపోదన్నా."

"రెండొందల అవతల చూసినవా?"

"అవతల వరుసలే ఉండయ్. నీకు కట్టలు మొయ్యనే వస్తది, లెక్క రాదు."

ఆకు ఏరే ఆడవాళ్లందరి ముందూ అన్న మాట. వాళ్లు నవ్వారు. వీరన్న ఆకులు కింద పెట్టి లేచిపోయాడు. మరుసటి ఏడు రాలేదు. సత్తుపల్లిలో కూతురింటికి చేరాడట. హాతీరాం ఫోను చేయలేదు. మాట వెనక్కి తీసుకోవాలంటే లెక్క తప్పాలి కదా!

భార్య లాలి పోయాక ఇంట్లో పలుకు లేదు. మొన్న ముసురు పట్టిన మధ్యాహ్నం, ఆ లెక్క తప్పు కావాలని మొదటిసారి అనిపించింది. గోడ మీద బొగ్గుతో రెండు వందలు దాటి మొదలుపెట్టాడు. వరుసకు రెండు వందల తొంభై మూడు దగ్గర ఏమీ మిగలలేదు. మూడు వేల నాలుగు వందల పదమూడు వరుసలు, నిండుగా. ఫోను కోసం తడుముకున్నాడు.

"అన్నా, హాతీరాంను. నువ్వే గెల్చినవ్! రెండొందల తొంభై మూడు!"

"ఏందది, బస్సు నంబరా?"

"గా తొమ్మిది ఆకులన్నా! నా మీద కోపంతోనే గద పోయినవ్?"

"కోపమేందిరా పిచ్చోడా! మోకాళ్లు పట్టి కూసోలేక వచ్చిన. నువ్వే ఫోన్ చెయ్యకపోతివి. కల్లేదారుకు పొగరెక్కిందనుకున్న. ఆగు, ఇంటి పక్క బొగ్గుబాయిల పేల్చుతున్నరు, వినొస్తలేదు. మళ్ల చెయ్."

ఫోను కట్టయింది. గోడ మీద మూడు వేల నాలుగు వందల పదమూడు అతన్నే చూస్తోంది. దాన్ని పట్టుకున్నాడు. ఈసారి అరవై లోపలే తేలిపోయింది; అరవై అరవైలు దాన్ని దాటేస్తాయి, ఆపైన చూసే పనిలేదు. నిజంగానే అది దేనికీ విడిపోదు. ఆ ముచ్చట చెబుదామని మళ్లీ ఫోను చేశాడు.

మోగింది, మోగింది. అవతల ఇంకా పేలుళ్ల మోతేమో, ఎవరూ ఎత్తలేదు.