ముందు బండినే చూశాను

పెళ్లయిన కొత్తలో మంత్రాలయం నుంచి కర్నూలు వస్తుంటే ఇసుకలో మా బండి జారిపడింది. నా మోకాలి చర్మం లేచిపోయింది. మా ఆయన ముందు బండిని లేపి ట్యాంకు తుడుచుకున్నాడు. నేను ఏడిస్తే, "తోలేముండాది, మళ్లా వస్తాది. పెయింటు వస్తాదా?" అన్నాడు.

ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

నెల తిరక్కుండానే బండి సామాన్ల షాపుకు పోయాం. "లెగ్ గార్డు కాలిని కాపాడ్తాదమ్మా. ఈ ఫ్రేమ్ స్లైడర్లు ఇంజను పక్కన బిగిస్తే, పడినప్పుడు అవే అరుగుతాయి, బండికేం కాదు" అన్నాడు షాపాయన.

"బండిని కాపాడేవే ఇయ్యప్పా" అన్నాను. మా ఆయన మురిసిపోయాడు.

కోతల కాలంలో, నందికొట్కూరు దగ్గర మా పుట్టింటి ముందు నూర్పిడికని రోడ్డంతా కొర్ర కంకులు పరిచారు. నన్ను తీసుకుపోవడానికి బండి మీద వస్తూ మా ఆయన, వాటి మీద జారి నా కళ్ల ముందే పడ్డాడు. అమ్మ ఆయన దగ్గరికి ఉరికింది. నేను బండి దగ్గరికి ఉరికాను. స్లైడరు అరిగింది, ట్యాంకు మీద గీత కూడా లేదు.

"ఏమే, నా మోకాలు చూడు!" అని మూలిగాడు.

కొంగుతో ట్యాంకు తుడుస్తూ అన్నాను: "తోలేముండాది, మళ్లా వస్తాది. పెయింటు వస్తాదా?"

ఆయన ముఖం చూడాలి! కట్టు నేనే కట్టాను, టింక్చరు మాత్రం ధారాళంగా పోశాను. పగ తీరితే ఇంత హాయిగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు లెగ్ గార్డు కొందామంటున్నాడు. చూద్దాంలే అంటున్నాను.