మా ఏసీ, చిన్నాయన మగ్గం

ఆరేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఒక పెళ్ళి పుణ్యమా అని కలిస్తే, వాళ్ళను మళ్ళీ విడదీయడానికి ఎంత వైరు కావాలి? నా అనుభవంలో రెండు బారలు చాలు. ఆ రెండు బారల నల్ల వైరు తక్కువ పడినందుకు ధర్మవరంలో ఒక మగ్గం ఆగింది, ఒక పెళ్ళిచీర సగంలో నిలబడింది, నా ఇంజనీరింగ్ పట్టా మీద మా వీధికి ఉన్న కాస్త గౌరవమూ పోయింది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముందు మా ఇంటి సంగతి. తాత కట్టించిన ఇల్లది. ఆయన పోయాక నాయనా చిన్నాయనా భాగాలు పంచుకుని, హాలు నడిమధ్యన గోడ లేపారు. గోడకు అటు చిన్నాయన, ఆయన మగ్గం. ఇటు మేము. మీటర్లు రెండు, వాకిళ్ళు రెండు. అటక మాత్రం ఒకటే, ఎందుకంటే గోడ అక్కడిదాకా లేచేసరికి మేస్త్రీకీ అన్నదమ్ములకీ ఓపిక అయిపోయింది. ఆ గోడ తన భాగంలోకి అర జానెడు జరిగిందని నాయన, కాదు తన భాగంలోకే జరిగిందని చిన్నాయన. ఒకే గోడ ఏకకాలంలో రెండు వైపులకూ ఎలా జరుగుతుందో నాకు నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో ఎవరూ చెప్పలేదు. ఆ అర జానెడు మీద ఆరేళ్ళ మౌనం నడిచింది.

ఈలోగా చిన్నాయన కూతురు లావణ్యకు హిందూపురం సంబంధం కుదిరింది. చిన్నాయన గోడ చుట్టూ తిరిగి మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, బిడ్డ పెండ్లి. నువ్వు ముందుండి చెయ్యాల."

నాయన రెండు నిమిషాలు పైకప్పును పరిశీలించి, "కాపీ తాగి పో" అన్నాడు. మా వంశంలో క్షమాపణ అంటే అదే. ఎవరు ఎవరికి చెప్పినట్టు అని అడగకూడదు.

ఆ కాఫీ పూర్తయ్యేసరికి పనులు పంచుకున్నారు. ముహూర్తం చీర చిన్నాయన స్వయంగా నేస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ బిడ్డలందరికీ పెళ్ళిచీరలు నేసినవాడు, సొంత బిడ్డకు అంగట్లో కొంటే తన చేతులు ఎందుకన్నది ఆయన పట్టుదల. మోకాళ్ళు అరిగిపోయాయి కాబట్టి, చీర మీద బొమ్మలు తెచ్చే డిజైను పెట్టెను కాలితో తొక్కి ఎత్తే పని తప్పేలా మగ్గానికి ఒక మోటారు బిగించుకున్నాడు. దాంతో పాటు, షాకు కొట్టకుండా కరెంటును తుంచేసే ట్రిప్పర్ ఒకటి మీటరు పక్కన పెట్టించుకున్నాడు.

నాయన వంతు పెళ్ళికొడుకు తాత. ఆయన ఎండకు ఆగలేడనీ, ఏసీ గది ఉంటే తప్ప ధర్మవరం రాడనీ హిందూపురం నుంచి కబురొచ్చింది. "మా ఇంట్లో దింపుదాం" అని నాయన అప్పటికప్పుడు ఏసీ కొన్నాడు. తమ్ముడి కోసం ఆరేళ్ళలో ఆయన చేసిన మొదటి పని అది. దాన్ని చెడగొట్టే పని నాకు దొరికింది.

ఏసీకి విడిగా లైను లాగాలి. నాయన ఫోను తీశాడు. "ఓబులేసును పిలుస్తా."

"కరెంటు పనికి మనింట్లో ఎలక్ట్రికల్ ఇంజనీరు ఉండగా ఓబులేసు ఎందుకు నాయనా?"

"నువ్వు పెనుకొండ ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు కొనే సెక్షన్లో గదరా ఉండేది?"

"చదివిన చదువు యాడికి పోతాది?"

అది ఎక్కడికీ పోలేదు. అసలు ఎప్పుడైనా వచ్చిందా అని ఆ రోజు ఎవరైనా అడిగివుంటే ఇంత కథ ఉండేది కాదు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. మీటరు దగ్గర కొత్త స్విచ్చు, గోడ వెంబడి కొత్త పైపు, అటక మీదుగా ఎర్ర వైరు. నిజంగా ముచ్చటగా కుదిరింది. ఎర్ర వైరులో కరెంటు వస్తుంది, నల్ల వైరులో తిరిగి పోతుంది. ఆ పోయే వైరును న్యూట్రల్ అంటారు. అటక మీద, మీటరుకు ఇంకా రెండు బారల దూరంలో, నా నల్ల వైరు అయిపోయింది. ఆదివారం మధ్యాహ్నం అంగళ్ళు మూసేశారు. మనిషన్నవాడు సోమవారం దాకా ఆగుతాడు. నేను ఇంజనీరును.

అటక మూలన తాత కాలపు పెట్టె ఒకటి కనపడింది. మూత తీస్తే అందులో ఒక పాత నల్ల వైరు. టెస్టర్ పెట్టాను. వెలగలేదు. వెలగలేదు కాబట్టి న్యూట్రల్. న్యూట్రల్ కాబట్టి కలిపేశాను. పైన టేపు చుట్టి, కిందికి దిగి, చేతులు దులుపుకున్నాను. ఆ వైరు గోడకు ఏ పక్కకు పోతుందో చూడాలన్న ఆలోచన నా దరిదాపులకు కూడా రాలేదు.

పెళ్ళి దాకా సెలవు పెట్టి మరీ సోమవారం నేను రిమోట్ నొక్కాను. ఏసీ "కుయ్" అంది. చల్లగాలి ముఖానికి తగిలింది. అమ్మ కళ్ళు మూసుకుని "హాయిగా ఉండాదిరా" అంది. సరిగ్గా మూడు నిమిషాలు. తర్వాత గోడకవతల "ఠప్" మంది, మా ఏసీ ఆగింది, చిన్నాయన కేక వినబడింది.

"కరెంటు పాయ! ఈ కరెంటోళ్ళకు పొద్దూ మాపూ తెలీదు!"

నేనూ కరెంటోళ్ళనే తిట్టుకున్నాను. అయితే తల మీద మా ఫ్యాను తిరుగుతోంది. మా ఫ్యాను చప్పుడు చిన్నమ్మకు గోడ మీది వెంటిలేటర్లోంచి వినబడింది.

"వదినా, మీకు ఉండాదే కరెంటు!"

"మాకుండాది. మీకు లేదా?"

చిన్నాయన ట్రిప్పర్ పైకెత్తాడు. కరెంటు వచ్చింది. మగ్గం కదిలింది. మా ఏసీ కూడా దానంతట అదే లేచి తిరగసాగింది. మూడు నిమిషాలు. ఠప్.

ఆ రోజు పదకొండుసార్లు జరిగింది. కరెంటు పోయిన ప్రతిసారీ డిజైను పెట్టె సగం ఎత్తులోంచి కిందపడేది. ఆ వరుసలో వేసిన జరీ పోగును చిన్నాయన వేలి గోటితో ఊడదీసి, మళ్ళీ వేసేవాడు. పొద్దుగూకేసరికి చీర జానెడు నేయాల్సింది రెండు వేళ్ళ మందం సాగింది. పెళ్ళికి తొమ్మిది రోజులుంది.

మర్నాడు పొద్దున వెంటిలేటర్లోంచి చిన్నాయన పిలుపొచ్చింది. "ఏమప్పా ఇంజనీరూ, రవ్వంత వచ్చి చూసిపోతావా?"

ఏసీ ఆపేసి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, డాక్టరు నడకతో వెళ్ళాను. నేనున్నంతసేపూ మగ్గం బంగారంలా నడిచింది. ఎందుకు నడవదు? మగ్గాన్ని ఆపే ఏసీని ఆపేసే వచ్చాను కదా. ఆ ముక్క నాకు తట్టలేదు. మోటారు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. నడిచే మోటారు వెచ్చగానే ఉంటుంది.

"మోటారు లోపల వైండింగ్ దెబ్బతినింది చిన్నాయనా. అందుకే ట్రిప్ అవుతాంది."

"నిజంగానా?"

"చదువుకున్నోన్ని చెబుతాండా."

చదువుకున్నోడు చెప్పాడని, నిక్షేపంగా ఉన్న మోటారును ఊడదీసి, తీగ కొత్తగా చుట్టే వైండింగ్ షాపులో ఇచ్చారు. అది రావడానికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ చిన్నాయన అరిగిన మోకాళ్ళతో డిజైను పెట్టెను తొక్కి నేశాడు. తొక్కిన ప్రతిసారీ "అమ్మా" అనేవాడు. నేను ఏసీ గదిలో కూర్చుని వింటూ పాపం అనుకునేవాణ్ణి. మధ్యమధ్యలో ట్రిప్పర్ పడి ఆయన తల మీది లైటూ ఫ్యానూ ఆగిపోయేవి. మోటారు లేకపోయినా ఎందుకు పడుతోందన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. "ట్రిప్పర్ గూడా పాతబడినట్టుండాది చిన్నాయనా." దాన్ని కొని ఆర్నెల్లు కాలేదు.

మోటారు వచ్చింది. బిగించారు. నేను రిమోట్ నొక్కాను. కుయ్. మూడు నిమిషాలు. ఠప్.

ఈసారి గోడకవతల కేక లేదు. చిన్నాయన మళ్ళీ గోడ చుట్టూ తిరిగి మా వాకిట్లోకి వచ్చాడు. నాయన ఎదురుగానే కుర్చీలో ఉన్నాడు. అయినా చిన్నాయన నాతోనే మాట్లాడాడు.

"మీ నాయన్ను అడుగప్పా. మీ ఇంట్లో కరెంటుండి, మా ఇంట్లోనే పోవడమేందని. గోడ కోపం బిడ్డ చీర మీద తీర్చుకుంటాండాడా అని."

నాయన నాతో అన్నాడు. "మీ చిన్నాయనకు చెప్పు. ఆ చీర కట్టుకునేది నాకూ బిడ్డేనని. ఆయప్ప వియ్యంకుల కోసం ఏసీ కొనిందెవరో గూడా అడుగు."

"ఏసీ నేను అడిగితినా?"

"నన్నడగొద్దని చెప్పు" అన్నాడు నాయన.

"అయితే చెప్పు" అన్నాడు చిన్నాయన నాతో.

అడుగు దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నేను తపాలా పని చేశాను. ఆరేళ్ళు పట్టి మానిన గాయం ఆరు నిమిషాల్లో రేగింది. లావణ్య మా గడపలో నిలబడి ఏడుస్తోంది. "నాకు అంగడి చీరైనా సరే, మీరిద్దరూ పెండ్లిలో పక్కపక్కన నిలబడితే చాలు పెదనాయనా" అంది. 

అప్పుడు చిన్నమ్మ నోరు విప్పింది. "నాకొకటి అనిపిస్తాంది. మీ ఏసీ కుయ్ అంటాది, మూడు నిమిషాలకు మాది ఠప్ అంటాది."

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వును తలుచుకుంటే ఇప్పుడు కూడా దిండులో తల దూర్చాలనిపిస్తుంది. "రెండు మీటర్లు చిన్నమ్మా. రెండు లైన్లు. దీనికీ దానికీ సంబంధమే లేదు. శాస్త్రం ఒప్పుకోదు."

"శాస్త్రం నాకేం తెలుసు నాయనా. అది కుయ్ అంటాది, ఇది ఠప్ అంటాది."

చిన్నాయన ఓబులేసును పిలిపించాడు. ఓబులేసుకు బీడీ తప్ప మరో డిగ్రీ లేదు. "కుయ్ అనిపించప్పా" అన్నాడు. అనిపించాను. ఠప్ మంది. ఏసీ ఆపించి, మెయిన్లు రెండూ దించి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. పది నిమిషాలు కాలేదు.

"ఈ నల్ల వైరు ఈడ కలిపిన మహానుభావుడు ఎవరప్పా?"

అందరూ నన్ను చూశారు. నేను ఏసీని చూశాను.

ఓబులేసు మెట్టు మెట్టుకూ ఆగి వివరిస్తూ దిగాడు. "ఇది మీ తాతనాటి వైరు. ఇల్లు పంచుకున్నప్పుడు ఇది మీ చిన్నాయన పక్కకు పోయింది. నువ్వు కరెంటు మీ మీటర్లో తీసుకుని, వాళ్ళ వైర్లో పంపిస్తాండావు. ఆ ట్రిప్పర్ పని ఏంది? పోయినంత కరెంటు తిరిగొచ్చిందా లేదా చూసుకోవడం. మీ ఏసీ జోరందుకోగానే వాళ్ళింట్లోకి లెక్కలేని కరెంటు వస్తాంది. అది తుంచేస్తాంది. దానికున్న తెలివి..." అని నన్ను చూసి, పెద్దమనిషి కాబట్టి, అక్కడే ఆపాడు. మళ్ళీ తనే, "ఈ ట్రిప్పర్ లేకుండింటే, కరెంటు ఆపేసినామని ఎవరన్నా ఆ వైరు పట్టుకుంటే ఏమయ్యేది?" అన్నాడు. ఆ మాటకు మాత్రం నాకు నిజంగానే చెమట పట్టింది, ఏసీ గదిలోనే.

చిన్నాయన నాయన వైపు తిరిగాడు. ఈసారి నేరుగా.

"అన్నా, వీన్ని ఎంతవరకు చదివిస్తివి?"

"నాలుగేండ్లు, నారాయణా" అన్నాడు నాయన, చాలా చిన్న గొంతుతో. "హాస్టల్లో పెట్టి."

"అయ్యో" అన్నాడు చిన్నాయన. అన్న భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఓదార్పు చూసి నేను బయటికి వెళ్ళిపోయాను.

ఓబులేసు రెండు బారల నల్ల వైరు వేసి మా మీటరుకు కలిపాడు. ఆనాటి నుంచి అటు మగ్గం, ఇటు ఏసీ, ఎవరి పని వాళ్ళవి. పెళ్ళి ముందు రోజు పొద్దున చీర మగ్గం దిగింది. పట్టుకుని చూసి నాయన "బాగా నేసినావు" అన్నాడు. మా వంశంలో అది ఉపన్యాసం. పెళ్ళికొడుకు తాత మధ్యాహ్నం దిగాడు. ఏసీ కింద పావుగంట కూర్చుని, "ఈ గాలికి నాకు జలుబప్పా" అంటూ మంచం వేయించుకుని మగ్గం గదిలో పడుకున్నాడు.

ముహూర్తానికి అరగంట ముందు మండపంలో మైకు మూగబోయింది, సగం లైట్లు ఆరిపోయాయి. పెళ్ళికొడుకు మేనమామ కేక వేశాడు. "మీ పక్క కరెంటు ఇంజనీరు ఎవరో ఉండాడంటనే! రమ్మనండప్పా!"

నేను కుర్చీలోంచి సగం లేచాను. కుడి భుజం మీద నాయన చెయ్యి, ఎడమ భుజం మీద చిన్నాయన చెయ్యి ఒకేసారి పడ్డాయి.

"కూసో!"

ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. గోడ లేచిన నాటి నుంచి ఆ అన్నదమ్ములు ఒకే మాట మీద నిలబడటం అదే మొదలు. ఎదురుగా పెళ్ళికూతురు, తండ్రి నేసిన చీరలో, కన్నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

హోమం వెలిగాక, అది నా కోసం వెలిగించింది కాకపోయినా, ఆ అగ్ని సాక్షిగా నేనూ ఒక ప్రమాణం చేశాను. ఈ జన్మలో వైరు ముట్టను, టెస్టర్ పట్టను, మా ఇంట్లో బల్బు మాడితే ఓబులేసు తీరిగ్గా వచ్చేదాకా, అది వారమైనా సరే, చీకట్లో కూర్చుని భోంచేస్తాను. వధూవరుల ప్రమాణాల సంగతి నాకు తెలియదు గానీ, దీన్ని నన్ను తప్పనివ్వకుండా చూసే పెద్దలు మాత్రం నాకు ఇద్దరున్నారు.