బాసర కాని పిల్ల

మా గడీ నుంచి నాకు దక్కినవి రెండు: చేతులున్న టేకు కుర్చీ, వంగని నడుము. భూములు సీలింగు చట్టానికి కొన్ని, వకీళ్లకు కొన్ని పోయాయి. గోడలు వానకు పోయాయి. ఆ కుర్చీని ట్రాలీ ఆటోలో వేయించుకుని మెదక్ వచ్చి, ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఎల్‌కేజీ టీచరుగా చేరాను. పిల్లల తరగతిలో టీచరుకు కూడా ప్లాస్టిక్ కుర్చీ ఇస్తారు. మేము ప్లాస్టిక్ మీద కూర్చున్న వంశం కాదు.

బడి యజమానిని అందరూ కరస్పాండెంట్ సార్ అంటారు. మా తాతగారి సవారి బండి తోలినతని మనవడు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది నా చదువు చూసి కాదని, కుర్చీ చూసి అని నా నమ్మకం. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులను నా గదికి తీసుకొచ్చి, ‘మా తాన దొరసానే పిల్లలకు ఏబీసీడీలు చెప్తది’ అని చూపించేవాడు. నేను ఖండించలేదు. ఉన్న మాటే కదా.

ఒక వేసవిలో అతను హైదరాబాద్‌లో ఏదో మీటింగుకు వెళ్లి, కొత్త మాటలు నేర్చుకుని వచ్చాడు. వెనకే ఒక ట్రైనరమ్మ వచ్చింది. చిన్న వయసు, నూలు చీర. మా టీచర్ల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చెప్పింది. పిల్లలకు చదువు రాతతో మొదలుకాదట. వినడం, చెప్పడం, పేజీలు తిప్పడం, పిచ్చిగీతలు గీయడం, ఇవన్నీ అయ్యాకే అక్షరమట. గదిలో ప్రతి వస్తువుకూ దాని పేరు రాసి పిల్లల కంటికి ఎదురుగా అంటించాలి. పుస్తకాలు వాళ్ల చేతికి అందే మూలలో ఉండాలి. పళ్లెంలో బియ్యమో ఇసుకో పోసి వేలితో దిద్దించాలి. ఇలా అక్షరాలతో నిండిన గదిని ప్రింట్ రిచ్ అంటారట. టీచరు పిల్లల ఎత్తుకు దిగి నేల మీద కూర్చోవాలి అంటూ ఆమె నా కుర్చీ వైపు చూసింది. నేనూ చూశాను. కుర్చీ అక్కడే ఉండిపోయింది.

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. తప్పంతా మేము చేసినదాంట్లో ఉంది.

పేర్లు అంటించారు, కానీ పిల్లల కళ్లకు కాదు, ఫీజు కట్టేవాళ్ల కళ్లకు ఎదురుగా. తలుపు నెత్తిన ‘డోర్’, కిటికీ నెత్తిన ‘విండో’. ఫ్యాను రెక్క మీద కూడా ‘ఫ్యాన్’ అని అంటించారు. అది తిరుగుతుండగా చదవగలిగిన పిల్లవాడికి మా బడితో పని లేదు. గోడకు హైదరాబాద్ నుంచి తెచ్చిన పటం వేలాడదీశారు. మార్చి ఎండలో, ఒంటిపూట బడిలో, చెమటలు కారుస్తూ మా పిల్లలు ‘ఐ ఫర్ ఇగ్లూ’ అని అరిచేవాళ్లు. ‘ఎక్స్ ఫర్ జైలోఫోన్’ అంటే ఏమిటని ఒక తండ్రి అడిగితే, అది ఒక రకం హార్మోనియం అని కరస్పాండెంట్ తడుముకోకుండా చెప్పాడు. అంత ధైర్యం మా వంశంలో ఉండి ఉంటే భూములు మిగిలేవి.

ఇక చదువు మూల. దానికొక ఎర్ర తివాచీ. దాని మీద పిల్లలు కాలు పెట్టకుండా ఒక ఆయా కాపలా. పుస్తకాలు చిరుగుతాయని ఒక్కొక్కదానికీ ప్లాస్టిక్ కవరు తొడిగి, గది ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టి, క్లిప్పులతో వేలాడదీశారు. పిల్లలు మెడలెత్తి చూసేవాళ్లు. కథ చెప్పాలంటే నేను ఒకటి దించుకుని, అయ్యాక మళ్లీ తగిలించాలి.

అన్నిటికీ మించిన నియమం ఇంకొకటి. గేటు లోపల పిల్లలతో ఇంగ్లీషు తప్ప మరో మాట మాట్లాడకూడదు. ఉర్దూ ఇళ్ల పిల్లలకూ తెలుగు ఇళ్ల పిల్లలకూ సమానంగా అర్థం కాని భాష కాబట్టి, అందులో ఒక న్యాయం ఉంది.

ఆ ఏడు నా తరగతిలో ఒక పిల్ల ఉండేది. బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చుని పూలు అమ్మే ఒకామె మనవరాలు. ఆ నాయనమ్మే పొద్దున దింపేది, మధ్యాహ్నం తీసుకుపోయేది. పిల్ల చురుకైనది. కథలో నేను ఒక పేజీ దాటేస్తే వెనక్కి తిప్పమని వేలు చూపేది. పుస్తకం ఇస్తే అట్ట చూసి, సరిగ్గా పట్టుకుని, ఎడమ నుంచి కుడికి వేలు జరుపుతూ తనలో తాను గొణుక్కునేది. కానీ పెన్సిల్ ముట్టేది కాదు. చేతిలో పెడితే, పక్కవాళ్ల సామాను పొరపాటున తన దగ్గరికి వచ్చినట్టు జాగ్రత్తగా దించి పక్కన పెట్టేది. ఏడవదు, మొండికేయదు. రాయదు, అంతే.

మా బడిలో ఖాళీ కాపీని, అంటే ఏమీ రాయని నోటు పుస్తకాన్ని, మించిన నేరం లేదు. తల్లిదండ్రులు పిల్లల మొహం తర్వాత చూస్తారు, ముందు కాపీలో నిండిన పేజీలు బొటనవేలితో తిప్పి చూస్తారు. కరస్పాండెంట్ నన్ను పిలిచి, తల్లిదండ్రులను పిలిచే ఓపెన్ డే నాడు అందరి ముందు బోర్డు మీద పేరు రాయకపోతే ఆ పిల్లను మళ్లీ ఎల్‌కేజీలోనే కూర్చోబెడతానన్నాడు.

“ఖాళీ కాపీ పిల్లను యూకేజీకి ఎట్ల తోలుత మేడం? మంది నన్ను అడుగుతరు.”

ఆ మాట నాయనమ్మ చెవిన కూడా వేశాడు. ఆమె పూల బుట్ట నెత్తికెత్తుకుని పోయిందట. ఇంకో ఏడు అదే తరగతి అంటే ఆమెకు ఇంకో ఏడు ఫీజు, ఆ పైన మొద్దు పిల్ల అని పేరు. నేను మాత్రం అక్కడే అన్నాను, నా తరగతిలో ఏ పిల్లా ఆగదని. అనేశాక, ఎలా అన్న సంగతి మిగిలింది.

ట్రైనరమ్మకు ఫోన్ చేస్తే వేళ్లలో బలం లేదేమో అంది. పెద్ద చెక్కపూసలు దారానికి గుచ్చించమంది. కరస్పాండెంట్ పూసలు తెప్పించి, అవి ఎంత ఖరీదైనవో స్టాఫ్ అందరికీ చెప్పాడు. నేను దారం ఇచ్చి, వెనక్కి తిరిగి ఇంకో పిల్ల ముక్కు తుడిచే లోపల ఈ పిల్ల పూసలన్నీ గుచ్చేసింది. చివర మాలకు వేసే ముడి వేసింది. మధ్యలో మరువం పెట్టాలా అని కళ్లు పెద్దవి చేసి సైగలతో అడిగింది. సన్నజాజి మొగ్గలు పట్టి కట్టే వేళ్లకు మేము బలం నేర్పుతున్నాం. పిల్ల ఇంప్రూవ్ అవుతోందని కరస్పాండెంట్ సంతోషించాడు.

తర్వాత బియ్యం పళ్లాలు వచ్చాయి. కరస్పాండెంట్ భార్య తన పెళ్లినాటి ఇత్తడి తాంబాళాలు పంపింది, ఫొటోకు బాగుంటాయని. పిల్లలు బియ్యంలో చేతులు ముంచి, అక్షరాలు తప్ప అన్నీ గీశారు. ఈ పిల్ల తన వంతు రాగానే పళ్లెం ముందు నిలబడింది. రెండు చేతులూ జోడించి, బియ్యానికి దండం పెట్టి, వేళ్లు కళ్లకద్దుకుని, వెనక్కి జరిగింది.

నేను నియమం మర్చిపోయి తెలుగులో అడిగాను, ఎందుకు దిద్దవని.

“నాకింక బాసర గాలే మేడం,” అంది.

ఇంకా అన్నం తినలేదు అన్నంత మామూలుగా అంది. ఏడాది పొడుగునా ఆ సమాధానం ఆ పిల్ల నోట్లోనే ఉంది. అది బయటికి రావడానికి కావలసిన ప్రశ్న ఆ గేటు లోపల ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం నాయనమ్మ వచ్చేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె మా ఊరిదేనని నాకు అప్పుడే తెలిసింది. నన్ను ఆమె ఎప్పుడో గుర్తుపట్టింది, నేనే గుర్తుపట్టలేదు. సంగతి అంతా చెప్పింది. ఆమె భర్తకు సంతకం కూడా రాదట. మనవరాలి మొదటి అక్షరం బాసరలో అమ్మవారి ముందు దిద్దిస్తానని మొక్కుకున్నాడు. బడి తెరవడానికి ముందే కన్నుమూశాడు. ఏడాది మైలలో శుభకార్యం చేయకూడదు. సీటు పోతుందని బడిలో మాత్రం వేశారు. బాసర పోయే దాకా పలకా బలపం ముట్టొద్దని నాయనమ్మ చెప్పింది. పిల్ల ముట్టలేదు. ఆ మాటలో పెన్సిల్, చాక్‌పీసు, బియ్యం అన్నీ తనే కలుపుకుంది.

ఈ సంగతి బడిలో ముందే చెప్పి ఉండాల్సింది కదా అన్నాను.

“మీరు అడిగిండ్రా దొరసానీ? మీరందరు ఇంగ్లీషుల మాట్లాడవడ్తిరి. నాకు పూల బేరమే వొస్తది.” పిల్ల జుట్టు సర్దుతూ అంది: “మా ఆయనను బడికేస్తమని మా అత్త మీ గడీకొచ్చి అడిగిందట. గట్లయితే బర్లెవరు గాస్తరన్నరట మీ తాత. గందుకే ఆయనకు గా మొక్కు.”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే జవాబు చెప్పడం నాకు తేలికయ్యేది.

మరునాడు కరస్పాండెంట్‌కు చెప్పాను. అతని మొహం వెలిగిపోయింది. అయ్యగారిని బడికే పిలిపిద్దాం, సామూహిక అక్షరాభ్యాసం పెడదాం, తలా ఇంత అని రుసుం, గేటుకు ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో మీరు కుర్చీలో కూర్చుని ఉంటారు అన్నాడు. మైల అన్న మాట రెండుసార్లు చెప్పాను. మొదటిసారి వినపడలేదు. రెండోసారి విని, అయితే ఓపెన్ డే నాడు ఆ పిల్ల బోర్డు ముందు ఊరికే నిలబడుతుందా అని అడిగాడు. నేను చూసుకుంటానన్నాను.

ఓపెన్ డే వచ్చింది. షామియానా, కూల్‌డ్రింకులు, ముందు వరసలో రాజకీయం చేసేవాళ్లు, వెనక వరసలో పొలం చేసేవాళ్లు, ఒక పక్కన బురఖాల్లో తల్లులు. మొదట కరస్పాండెంట్ కొడుకు లేచాడు. పుస్తకం తెరిచి ఒక పేజీ మొత్తం ఇంగ్లీషులో గడగడా చదివాడు. పుస్తకం తలకిందులుగా ఉంది. తండ్రి ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. చప్పట్లు మోగాయి. పుస్తకం తిప్పి పట్టుకొమ్మని ఎవరైనా అంటారేమోనని చూశాను. వెనక ఈ పిల్ల మాత్రం తల వంచి, బొమ్మ ఎటు ఉందో చూడబోయింది.

తర్వాత పిల్లలు వరసగా వచ్చి బోర్డు మీద పేర్లు రాశారు. చివరికి ఈ పిల్ల వంతు. నాయనమ్మ షామియానా గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. కరస్పాండెంట్ చాక్‌పీసు చాచాడు. దాన్ని నేను తీసుకున్నాను.

“నువ్వు చెప్పు. నేను రాస్త,” అన్నాను. నా నోట ఆ మాట మా ఊరి యాసలోనే వచ్చింది.

ట్రైనరమ్మ చెప్పిన పద్ధతుల్లో ఇదొకటి. పిల్ల చెప్పాలి, టీచరు రాయాలి, రాసినదాన్ని పిల్ల చదవాలి. మా ఇంట్లో చెప్పేది మేము, రాసుకునేది గుమాస్తా. చాక్‌పీసు పట్టుకుని, పూలమ్మే ఆమె మనవరాలు ఏం చెబుతుందా అని నిలబడిన మొదటి మనిషిని మా వంశంలో నేనే అయ్యుంటాను.

పిల్ల చుట్టూ చూసింది. తెరిచిన తలుపులోంచి తరగతి గది కనిపిస్తోంది.

“సారు బుక్కులు మీదికి కట్టిండు. మాకు అందుతలెవ్వు. అవి తాడు మీద బట్టలోలె ఎండుతున్నయి.”

అన్నది అన్నట్టుగా పెద్ద అక్షరాలతో రాశాను. ఇంగ్లీషు మీడియం బడి బోర్డు మీద, తెలుగులో, అదీ ఆ తెలుగులో. వెనక వరసలో నవ్వు మొదలై ముందు వరసకు పాకింది. పిల్ల ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి, అక్షరాన్ని తాకకుండా గాలిలోనే జరుపుతూ చదివింది. ముందు వరసలో ఒక తండ్రి లేచాడు. తను చెప్పిందే తను అప్పజెప్తుంది, చదివినట్టెట్ల అని అడ్డం పడ్డాడు.

“బట్టలు ఏడున్నయి చూపెట్టు,” అన్నాడు.

చూపించింది. తాడు అడిగాడు, చూపించింది. ఆయనకు పట్టుదల పెరిగి, ఇగ్లూ ఏడుందో చూపెట్టమన్నాడు.

“లోపట గోడ మీద,” అంది. “అది గూడ అందదు.”

ఈసారి ఆయన కూడా నవ్వాడు. బురఖాలోని ఒక తల్లి లేచి లోపలికి వెళ్లి, తాడు మీంచి ఒక పుస్తకం దించి తన కూతురి చేతిలో పెట్టింది. మిగతావాళ్లూ లేచారు. ఆయా తివాచీ వైపు పరుగెత్తింది కానీ అప్పటికే ఆలస్యమైంది. కరస్పాండెంట్ తెలివైనవాడు. మైకు అందుకుని, ఇది మా స్కూలు కొత్త మెథడ్, ఈ బేబీ యూకేజీకి ప్రమోట్ అయిందని ప్రకటించాడు. అంతమంది ముందు అన్నాడు కాబట్టి మళ్లీ వెనక్కి తీసుకోలేకపోయాడు. నాయనమ్మ గుంజను వదిలి కింద కూర్చుంది.

జూన్‌లో మైల తీరగానే బాసర వెళ్లొచ్చారు. నాకు ప్రసాదం తెచ్చారు. ఆ సోమవారం నుంచి పిల్ల ఆగలేదు. యూకేజీ టీచరు వారం తిరక్కుండా ఫిర్యాదు చేసింది: కాపీలు చాలడం లేదు, బల్లలు చాలడం లేదు. చివరికి కరస్పాండెంట్ నా దగ్గరికి వచ్చాడు.

“గోడలకు కొత్త రంగేపిచ్చిన మేడం. పోరి పరేషాన్ చేస్తుంది. మీరు జెర చెప్పుండ్రి, మీ మాటింటది.”

నా గదికే తీసుకెళ్లి చూపించాడు. ఏవీ కనిపించలేదు, ఎందుకంటే అన్నీ కిందకు ఉన్నాయి. చూడాలంటే నేల మీద కూర్చోవాలి. కూర్చున్నాను. వంగలేదు, కూర్చున్నాను. తలుపు మీద, నా మోకాలి ఎత్తున, పెన్సిల్‌తో వంకరగా ‘తలుపు’ అని ఉంది. గోడ మీద ‘గోడ’. కిటికీ అందదు కాబట్టి దాని కింద గోడ మీద ‘కిటికి’ అని రాసి, పైకి ఒక బాణం వేసింది. వెనక్కి తిరిగితే నా టేకు కుర్చీ కాలు మీద, పై నుంచి కిందికి, ‘మేడంది’.

ఆయా తడిగుడ్డతో వచ్చింది. గోడ తుడుచుకోమన్నాను. కుర్చీని ముట్టనివ్వలేదు. ఈ ఏడు అడ్మిషన్లకు వచ్చేవాళ్లను కరస్పాండెంట్ నా గదికి తీసుకొచ్చి, వాళ్ల నడుములు వంచి మరీ ఆ కుర్చీ కాలు చూపిస్తున్నాడు, మా తాన అంతా ప్రింట్ రిచ్ అని.