అవ్వ కుడి కాలుకు పగులు

ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టి, భూపాలపల్లిల బొగ్గు టిప్పర్లు బాగుచేసే షెడ్డుల చేరిన. ఇరుసును కిరోసిన్ గుడ్డతోని తుడిసి, ఆరినంక చాక్‌పీసు పొడి రుద్దమనేటోడు మా ఉస్తాద్. ఇనుముల పగులుంటే అండ్ల దాగిన కిరోసిన్ జరసేపటికి బయటికొస్తది, తెల్లపొడి మీద తడి గీత పడ్తది. "నువ్వు బడి ఇడిసినా చాక్‌పీసు నిన్ను ఇడుస్తలేదురా" అని నవ్వేటోడు.

చానా ఏండ్లకు, పట్నం అవతల విమానం నడుపుడు నేర్పేకాడ పనికి కుదిరిన. అన్నీ చిన్న విమానాలు, కొన్ని వయసుల నాకంటె పెద్దయి. చక్రాలు తుడుసుడు, గ్రీజు పెట్టుడు, ఎగిరే ముందట చక్రాల కింది చెక్కదిమ్మెలు గుంజుడు నా పని. మాది జనగామ, అక్కడ ఆ దిక్కోన్ని నేనొక్కన్నే. నా మాట వింటే అక్కడోల్లకు నవ్వొస్తదని తెల్సినంక నాకు తోడు దొరికింది. నవ్వినంత సేపే ఆ తోడు. నవ్వు ఆగంగనే ఎవల టిఫిన్ డబ్బా వాళ్లది.

అన్నిట్ల ముసలి విమానానికి అవ్వ అని పేరు పెట్టిన. ఎగిరినంక చక్రాల కాళ్లు కడుపులకు ముడుసుకుంటది, దిగేటప్పుడు సాపుతది. "అవ్వకు మోకాళ్ల నొప్పులు సార్, పసుపు పట్టేద్దామా?" అంటే ఇంజినీరు సార్ సుత కడుపు పట్టుకోని నవ్వేటోడు.

ఒకనాడు పొద్దుగాల కుడి కాలు తుడుస్తుంటే వంపు కాడ గుడ్డ పోగు చిక్కుకున్నది. అనుమానమొచ్చి కిరోసిన్ రాసి తుడిసిన, ఆరినంక చాక్‌పీసు పొడి రుద్దిన. ఎంటికంత తడి గీత తేలింది.

"సార్, అవ్వ కుడి కాలుకు పగులున్నది."

"నిన్న నొప్పులన్నావు, ఇవాళ పగులా? రేపు చేతికర్ర కొనమంటావేమో! మొన్నే చూసి సంతకం పెట్టానయ్యా."

పగులన్న మాటకు అందరు పగలబడి నవ్విన్రు. ఆ దినం అవ్వను ఒక్కతే నడిపేది మహబూబాబాద్ కాడి తండా నుంచి నేర్సుకునేటందుకొచ్చిన పిల్ల. అక్కడ నన్ను అన్నా అని పిలిచేది ఆమె ఒక్కతే. ఆమె సుత నవ్వింది.

ఇంకోపారి గట్టిగ చెప్తే ఆపేటోల్లేమో. కాని అలవాటు పాడుగాను, వాళ్లు నవ్వంగనే నేను సుత నవ్విన. నవ్వుకుంటనే వంగి దిమ్మెలు గుంజిన.

అవ్వ ఎగిరిపోయింది. చాయ్‌కి రమ్మన్నా పోకుంట మొగులు దిక్కే చూసుకుంట నిలబడ్డ. గంటకు తిరిగొచ్చింది. కాళ్లు మంచిగనే సాపింది. నేలకు ఆని కొంత దూరం ఉరికినంక కుడి కాలు మడత పడ్డది. రెక్క నేలకు రాసుకుంట, నిప్పురవ్వలు లేపుకుంట పోయి గడ్డిల అడ్డం తిరిగి ఆగింది.

అందరికంటె ముందుగాల ఉరికిన. పిల్ల తనంతల తానే దిగింది. నుదురు మీద నెత్తురు. నన్ను చూసి ఒక్కటే అడిగింది.

"అన్నా, పొద్దుగాల నువ్వన్నది జోక్ కాదా?"



విరిగినకాడ సగం నల్లటి పాత పగులు, సగం తళతళ మెరిసే కొత్తది. ఇంజినీరు సార్ దాన్ని చూసిండు, నా దిక్కు చూడలే. ఆ తర్వాత నేను నోరు తెరిస్తే ఎవ్వలు నవ్వలే. నెల తిరగక ముందే వచ్చేసిన. ఆ పిల్ల మళ్ల ఎగిరిందో లేదో తెల్వదు. ఫోన్ నంబర్ అడిగేటంత దోస్తానా మాకేడిది?

ఇప్పుడు జనగామల ట్రాక్టర్ల షెడ్డు నాది, ఒక్కన్నే ఉంట. మాటలు తగ్గలే, వచ్చినోల్లను నవ్విస్తనే ఉంట. కాని ఇరుసు మీద తడి గీత తేలిన దినం బండి తాళంచెవి నా జేబుల ఏసుకుంట. "ఏందన్నా, మజాకా?" అని వాళ్లు నవ్వుతరు.

అప్పుడు మాత్రం నేను నవ్వ.